ఎడమచేతి గాటు

అతని పేరు సిరీలో, ఇంటిపేరు తుయూబ్. పుట్టిన ఇంట్లో తిండికన్నా దెబ్బలే ఎక్కువ. యుకతాన్ తీరంలో చేపలు పట్టే తండ్రి, వల ఖాళీగా వచ్చిన రోజున తెడ్డు పట్టుకుని ఇంట్లోకి వచ్చేవాడు. ఒకసారి ఆ తెడ్డు తొమ్మిదేళ్ల సిరీలో నెత్తిమీదికి లేస్తే అన్న నికనోర్ అడ్డుపడ్డాడు. అన్న ఎడమకాలు మోకాలి కింద ఫటుక్కున విరిగింది. వైద్యం లేక ఎముక వంకరగానే అతుక్కుంది. పెద్దయ్యాక నికనోర్ ఆ కుంటికాలితోనే వెళ్లి తండ్రి చేతిలో తెడ్డు లాక్కుని, ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాడు. మంచి పని చేశాడు.

ఆ నికనోర్ పదకొండేళ్ల కిందట శంఖాల వేటకు పోయి తిరిగి రాలేదు. తోడుపోయిన ఎవారిస్తో ఒక్కడే వచ్చి, గాలివానలో సముద్రం మింగేసిందన్నాడు. ఎవారిస్తో సిరీలో కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి. ఆ వరసతోనే ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకునేవాళ్లు. సిరీలో నమ్మాడు, తల్లి నమ్మలేదు. ఏటా నవంబరులో పెద్దల పండక్కి, చనిపోయినవాళ్లందరికీ వడ్డించేది గాని నికనోర్‌కు పెట్టేది కాదు.

"శవాన్ని చూడందే నా బిడ్డకి సచ్చినోళ్ల కూడు పెట్టను" అనేది. పోయే ముందు సిరీలో చెయ్యి పట్టుకుని, "అన్నని ఎతకరా" అని ఒట్టు వేయించుకుంది.

తరవాత ఊరికి ఎదురుగా ఉన్న దీవిలో పాతకాలపు వస్తువుల కోసం తవ్వకాలు మొదలయ్యాయి. పూర్వం మాయా వర్తకులు పడవల్లోంచి ఉప్పు, నల్లగాజు రాయి దించిన రేవు అది. వాళ్లు తిని పారేసిన శంఖాలు దిబ్బలై ఉన్నాయి. సిరీలో, ఎవారిస్తో ఇద్దరూ అక్కడే కూలికి కుదిరారు. సిరీలో శంఖాన్ని చూసి కాలం చెప్పేవాడు. పూర్వులు ఇంకో శంఖం కొసతో పొడిచి కండ లాగేవాళ్లు గనక బెజ్జం గుండ్రంగా ఉంటుంది. ఇనుము వచ్చాక అది సన్నటి గాటైంది.

ఉత్తరపు మూల మాత్రం తవ్వొద్దని ఎవారిస్తో ఏటా అడ్డుపడేవాడు. దిబ్బకు కావలి ఉన్న ఆత్మలు ఊరుకోవట! ఈసారి తవ్వకాలు నడిపే డాక్టరమ్మ వినలేదు.

మోకాలి లోతులో పుర్రె బయటపడింది, పగిలి ఉంది.

"వర్తకుడై ఉంటాడు సిరీలో!" ఆమె పొంగిపోయింది.

సిరీలో పుర్రెను చూడలేదు. దాని మీద కప్పిన శంఖాలను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అన్నీ గాట్లే, అన్నీ ఎడమచేతి వాటానికి వాలిన గాట్లే. ఊళ్లో ఎడమచేత్తో శంఖం కొట్టేవాడు ఒక్కడే. కింద ఇసుక తుడిచాడు. ఎడమకాలి ఎముక, వంకరగా.

పార లేచింది. జల్లెడ దగ్గర నిలబడ్డ ఎవారిస్తో మూతి పగిలి పళ్లు రాలాయి. సిరీలో అతని గుండెల మీద కూర్చున్నాడు.

"ఎందుకు సంపావురా?"

"శంఖాల పంపకాల్లో మాటామాటా పెరిగింది కొంపాద్రే... కత్తి దిగిపోయింది."

"సచ్చాకే పూడ్చావా?"

ఎవారిస్తో మొహం తిప్పుకున్నాడు. సిరీలో ఆ మొహాన్ని శంఖంతో మోదాడు.

"సెప్పు!"

"లేదు. పూడుస్తా ఉంటే తమ్ముడూ తమ్ముడూ అని నిన్నే పిలుస్తా ఉన్నాడు. నోరు మూయించాలని పుర్రె పగలగొట్టా."

నలుగురు కూలీలు పట్టుకుని లాగుతున్నా ఆగకుండా, సిరీలో నడుముకున్న కొడవలికత్తితో ఆ ఎడమచేతిని మణికట్టు దగ్గర నరికేశాడు. నెత్తురు తెల్లటి శంఖాల్లోకి ఇంకింది. ఎవారిస్తో చావలేదు. నాకైతే అదొక్కటే విచారం.

సాయంత్రం పోలీసు పడవ వచ్చేసరికి సిరీలో కుంచె పట్టుకుని అన్న ఎముకలు తుడుస్తున్నాడు, డాక్టరమ్మ నేర్పినట్టే, పైనుంచి కిందికి. ఆమె పక్కనే కూర్చుని ఏడుస్తోంది. బేడీలు వేయబోతే సిరీలో ఒక్క నిమిషం ఆగమన్నాడు. కూలీలకు వండే ఆమెను అడిగి రెండు మొక్కజొన్న రొట్టెలు, ఒక చేపముక్క తెప్పించుకుని గుంట అంచున పెట్టాడు.

"తినన్నా" అన్నాడు. "ఇన్నాళ్లూ అమ్మ నీకు పెట్టలేదు."