సగంలో ఆగిన ప్రార్థన

నా భయాన్ని ఎరిగిన ప్రభువుకు స్తోత్రం.

రొయ్యల కంపెనీలో నెలాఖరుకు మమ్మల్ని తీసేస్తామని చెప్పిన సాయంత్రం, రైల్లో కళ్లు మూసుకుని, ఆదివారాలు నేను పాఠం చెప్పే సండే స్కూల్లోలాగా పిల్లల మధ్య ఉండే పని ఇమ్మని పైకే ప్రార్థించాను. అంతలో ఇల్లెలా గడుస్తుందన్న వణుకు పుట్టి, సగంలోనే ఆగిపోయాను.

కళ్లు తెరిస్తే, ఎదుటి సీట్లో నిమ్మకాయల బుట్ట పెట్టుకున్న బొట్టావిడ ఇంకా చేతులు జోడించే ఉంది.

"ఆమేన్ అనలేదేందమ్మా? మీ దేవుడు ఇంకా వింటానే ఉంటాడు, పాపం!"

"భయంగా ఉందక్కా."

"భయపడతానే అను."

అన్నాను. నాతోపాటు ఆమె కూడా అని, బిట్రగుంటలో దిగిపోయింది.

నిన్న ఒక చిన్నపిల్లల బడిలో ఆయా పని అడిగి వచ్చాను. జవాబు రాలేదు, వణుకూ పోలేదు. సంఘంలోని మీరూ నాతో కలిసి ప్రార్థించండి. చివరి ఆమేన్ దాకా ఉండండి.