బ్లీచింగ్ నీళ్ళు పడిన కుప్ప

శ్రీశైలమ్మ చేతులు మోచేతుల దాకా ఎరువులో ఉన్నాయి. మాగిన గొర్రెల ఎరువు మీద సూడోమోనాస్ అనే మంచి బాక్టీరియా పొడి చల్లి, అడుగు నుంచి పైకెత్తి కలుపుతోంది. పార ముట్టదు. పారతో కలిపేవాళ్ళను చూస్తే ఆమెకు చీదర. "ఇది బతికుండేది. కాంక్రీటు కాదు" అంటుంది.

అర్ధవీడు పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే మనిషి. ఇలాంటి బాక్టీరియాను ఎరువులో పెంచడం మీద ఎప్పుడో శిక్షణ పెడితే, ఊరంతా ఫొటో దిగి, ఉప్మా తిని, నెలరోజులు దాని గురించి మాట్లాడింది. ఈమె ఇంటికొచ్చి కలిపింది. మొదటి కుప్ప ఎండిపోయింది, రెండోది ముక్కిపోయింది. ఆ తర్వాత చెయ్యి కుదిరింది.

ఇప్పుడు కలుపుతున్నది యశోద చేను గట్టున, కొట్టం నీడలో. నిరుడు యశోద మొక్కజొన్న మొదళ్ళు మెత్తబడి, కంపు కొట్టి, వరుసలుగా వాలిపోయింది. పంట పోయాక ఆమె భర్త అంకన్న హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయాడు. ఈసారి వేసిన పైరుకూ కుళ్ళు తగిలితే మళ్ళీ పోవాల్సిందే. అక్కడి మేస్త్రీ రమ్మని అప్పుడే ఫోన్లు మొదలుపెట్టాడు.

శ్రీశైలమ్మ కుప్ప మీద తడి గోనెపట్టాలు కప్పి, "ఆరకుండా బోరునీళ్ళు చిలకరించు. ఇంకేం చేయొద్దు" అని అంకన్నకు చెప్పి వెళ్ళింది.

వారం తర్వాత వచ్చి పట్టా ఎత్తింది. ముక్కు ముడిచింది.

"ఏందిరా ఇది, ఆసుపత్రి వరండా లెక్క వాసనొస్తా ఉండాది?"

"బ్లీచింగ్ అత్తా!" అంకన్న గొప్పగా చెప్పాడు. "గిద్దలూరులో మందుల దుకాణం ఫణికుమారన్న ఇచ్చినాడు. కుళ్ళు పురుగు చచ్చిపోతాదంట. డ్రమ్ములో కలిపి చల్లినా. నీదీ, ఇదీ. డబుల్ పవరు."

"పవరా! కోడిని పొదగేసి గంప కింద పొయ్యి ముట్టించినట్లుండాది నీ పవరు. నేను పెంచేది కూడా పురుగే గదరా. ఏది మంచిదో ఏది చెడ్డదో ఆ పొడికి చెప్పి చల్లినావా?"

"ఆయన అంతగా చెప్తే..."

"చెప్పేదానికేం, ఫ్యాను కింద కూచోని చెప్తాడు. బ్లీచింగ్ పోస్తే అదొక్కటే పొయ్యి. ఇది వేస్తే ఇదొక్కటే వెయ్యి. నాలుగు నోళ్ళ మాటలు ఒక డ్రమ్ములో కలపగాకు."

యశోద కొట్టంలోంచి వచ్చింది. "మళ్ళా చేస్తావా అత్తా?"

"చేస్తా. దీన్ని నీ మొగుడు మోసకపోయి దిబ్బలో పారేయాల. డ్రమ్ము కడగాల."

కడిగాడు. ఆమె డ్రమ్ములో తల పెట్టి వాసన చూసి, మళ్ళీ కడగమంది. ఆ కడుగుడూ నచ్చలేదు. చివరికి డ్రమ్ము తన్ని దొర్లించి, ఇంటి నుంచి బిందెలు తెప్పించింది.

కొత్త కుప్ప కలిపింది. ఈసారి తడిపే పని యశోదది. కుప్ప దగ్గరికి అంకన్నను శ్రీశైలమ్మ రానివ్వలేదు. చేలో నీళ్ళు నిలవకుండా కాలవ తీయమని పార చేతికిచ్చింది.

"కాలవెందుకు? ఇది వేస్తే కుళ్ళు రాదంటివే?"

"నేనెప్పుడంటి? నీళ్ళు నిలబెడితే ఏమేసినా వస్తాది. తవ్వు."

మేస్త్రీ ఫోన్ చేస్తే, "కాలవ అయినాక చెప్తానన్నా" అన్నాడు అంకన్న.

కుప్ప సిద్ధమైంది. లోపల చెయ్యి పెడితే చల్లగా, తొలివాన పడిన నేల వాసన. శ్రీశైలమ్మ పిడికెడు తీసి యశోద దోసిట్లో పోసింది. ఆమె వాసన చూసి తలూపింది.

"మొదళ్ళ చుట్టూ వేసి మన్ను కప్పండి. ఎండెక్కకముందే" అని, గంప నింపి అంకన్న నెత్తికెత్తింది. అతని జేబులో ఫోన్ మోగింది. రెండు చేతులూ గంపకే ఉన్నాయి. యశోద ఫోన్ లాక్కుని, "రాడన్నా. చేలో పనుంది" అని పెట్టేసింది.

శ్రీశైలమ్మ రెండో గంప నింపి యశోదకు ఎత్తి, మిగిలిన కుప్ప మీద పట్టా కప్పి, చేతులు కడుక్కుని గొర్రెల దారి పట్టింది.