మా మేనేజరు సారు ఆకుపచ్చ బటన్

మా పాల్వంచ ఫ్యాక్టరీలో రోజువారీ ఉత్పత్తి రిపోర్టును కంప్యూటరే తయారు చేసి, సాయంత్రం ఐదింటికి పై ఆఫీసుకు పంపే ఏర్పాటు వచ్చి నెలయింది. మా మేనేజరు సారు మాత్రం దాన్ని ఆపించి, ఇంజినీరు సరితతో అదే రిపోర్టు చేత్తో రాయించి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టేవారు. ఆ సిరా కోసం నేను ఖమ్మం దాకా పోయిన రోజులున్నాయి, అది రాస్తే రామాయణమవుతుంది. ఈ తిరగరాతతో సరితకు రోజూ భద్రాచలం బస్సు తప్పేది. ఇంట్లో ఏడాది పాప ఏడుస్తూ ఉండేది.

ఈ రోజు ఆమె తెగించి అడిగేసింది.

"కంప్యూటర్ల తప్పులేం వస్తలేవు గద సార్, మళ్ల చేత్తోని రాసుడెందుకు?"

"తప్పులు వస్తలేవమ్మా, గదే పరేషాన్. నా సంతకం లేకుంటే పైనోళ్లకు నేనున్న సంగతి ఎట్ల ఎరుకైతది?"

ఇంత నిజం ఆయన నోట ఇరవై ఏళ్లలో వినలేదు.

సరిత పది నిమిషాల్లో, ఆపిన ఏర్పాటును మళ్లీ నడిపించి, తెర మీద ఆకుపచ్చ బటన్ పెట్టింది. నొక్కితే రిపోర్టు కింద సారు పేరు పడుతుంది. నొక్కకపోయినా రిపోర్టు పోతుంది. ఆ సంగతీ దాచకుండా చెప్పింది.

"పేరు పడ్తది గద, చాలు" అన్నారాయన. ఐదింటికి కళ్లద్దాలు తుడుచుకుని, లేచి నిలబడి మరీ నొక్కారు. సరితకు బస్సు దొరికింది.

నవ్వుకుంటూ ఇంటికి బయలుదేరాక గుర్తొచ్చింది, సంతకమైన ఆ కాగితాన్ని పై ఆఫీసుకు మోసే ఉద్యోగం నాదే. రేపు నాకూ ఒక బటన్ అడగాలి. ఏ రంగైతే బాగుంటుందో చెప్పండి.