ఎవరికో ఒకరికి ఉత్త మాత్ర

మా అత్తగారు పోయారని మా ఆయన ఫోన్ చేసినప్పుడు, కావలిలో మా బడి పిల్లలు మధ్యాహ్న భోజనానికి వరుసలో నిలబడి ఉన్నారు. వారంగా జ్వరం. తగ్గుతుందనే అనుకున్నాం. బోగోలు దగ్గర మా ఊరు చేరేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. పోయింది అత్తగారంటే పక్క సీటామె నమ్మలేదు.

మా అత్తగారు వేళాకోళం మనిషి. ఆదివారం అందరికంటే ముందే చర్చికి వెళ్లి, చివరి వరుసలో కూర్చునేవారు. ముందు కూర్చుంటే ఎవరు కునుకు తీస్తున్నారో కనబడదట. నేను వండిన చేపల పులుసు బాగుంటే ఆ మాట నాతో అనరు, వీధిలో అందరికీ చెప్పేవారు.

ఆ మనిషి నవ్వు మానేసింది ఒక్కసారే. ఆమె చెల్లెలు దవడ లాగుతోందని, ఒంట్లో సత్తువ లేదని చెప్పుకుంటే ఇంట్లోవాళ్లు గ్యాస్ అన్నారు. అది గుండెజబ్బని తెలిసేసరికి చెల్లెలు లేదు.

కొన్నేళ్లకు నెల్లూరులో ఒక డాక్టరమ్మ, బీపీ ఉన్నవాళ్ల గుండెను కాపాడే కొత్త మందును పరీక్షిస్తున్నామని, ఆడవాళ్లు చేరడం లేదని చెప్పారు. ఇలాంటి వాటిలో మగవాళ్లే ఎక్కువట. అందుకే ఆడవాళ్ల గుండె సంగతి వైద్యులకూ తక్కువే తెలుసట. అత్తగారు చేరతానన్నారు. అమ్మ మీద ప్రయోగాలేమిటని మా ఆయన మండిపడ్డారు. రోజూ వేసుకునే బీపీ మాత్రలు మానక్కర్లేదు. కానీ వాటితో పాటు కొందరికి కొత్త మందు, కొందరికి మందులేని ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరికేది వచ్చిందో చెప్పరు. ఉత్తది వస్తే నీకేం లాభమని ఆయన అడిగారు.

"ఎవురికో ఒకరికి ఉత్తది రావాల గదా నాయనా. లేకుంటే అసలుది పనిచేసిందో లేదో ఎట్టా తెలుస్తది? మీ పిన్నమ్మ చెప్తే ఎవురూ ఇన్లేదు. నా ఒళ్లన్నా చెప్పనీ" అన్నారామె.



మొదటిసారి పరగడుపున రమ్మంటే టీ తాగి వెళ్లారు. టీ కూడా లెక్కేనా అని నర్సుతో వాదించి, మర్నాడు మళ్లీ వెళ్లారు. తనతో పాటు చేరమంటే, ఈసీజీ తీసేది మగమనిషని మా వీధి ఆడవాళ్లు రామన్నారు. అత్తగారు డాక్టరమ్మను బతిమాలి ఆడమనిషిని పెట్టించారు. ఆ తర్వాత బస్సు నిండా వాళ్లే. కిటికీ సీటు కోసం పోట్లాట, దారిపొడుగునా మురుకులు, మొగుళ్ల మీద జోకులు. తోడు వెళ్లిన రోజుల్లో నేనూ వాళ్లతో కలిసి చిన్నపిల్లనయ్యేదాన్ని. ఆ ప్రయాణాలు మళ్లీ రావని తలుచుకుంటే దిగులేస్తుంది. చర్చిలో స్త్రీల కూడిక అయ్యాక కూడా ఆమె వదిలేవారు కాదు. ఏ నొప్పి వస్తే ఊరుకోకూడదో చెప్పి గానీ ఇళ్లకు పంపరు.

ఆమెకు వచ్చింది మందో ఉత్తదో మాకు ఇప్పటికీ తెలియదు. ఫలితాలు రావాలి.

అత్తగారి జ్ఞాపకార్థం మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక నాడు భోజనాలు వడ్డిస్తుంటే, ఎదురింటామె విస్తరి ముందు నుంచి లేచింది. వీపు పట్టేసిందని, చెమటలు పడుతున్నాయని మెల్లగా అంది. మా ఆయన చేతిలోని సాంబారు బకెట్టు కింద పెట్టేశారు.

"పద అక్కా, పోదాం" అన్నారు. ఇంకేం అడగలేదు.

గుండెపోటేనని, సమయానికి తెచ్చారని ఆసుపత్రిలో అన్నారట. ఆమె ఇప్పుడు కోలుకుంటోంది. నా కళ్లముందు మాత్రం ఆ మధ్యాహ్నమే ఉంది. రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద ఆమెను ఎక్కించుకున్న కారు దుమ్ము రేపుకుంటూ పోతోంది. పందిట్లో ఆడవాళ్లందరూ ఎంగిలి చేతులతోనే లేచి నిలబడి, అది కనబడినంతసేపూ అటే చూస్తున్నారు.