బూచికి తగిలించిన ముఖం

బూచి అంటే ఏమిటని నిఘంటువు తిరగేస్తే, పిల్లల్ని భయపెట్టడానికి చెప్పే వికృతరూపం అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తేల్చెయ్యడం పండితులకి సులువు. రాక్షసికి కోరలున్నాయి, కొరివిదెయ్యానికి నిప్పుంది, బ్రహ్మరాక్షసుడికైతే బోలెడు చదువుంది. బూచికి మాత్రం ముఖమైనా లేదు. అందుకని మనవాళ్లు వీధిలో దొరికిన ఏ నోరులేనివాడి ముఖాన్నో తెచ్చి దానికి తగిలిస్తారు. నేను కాపురమున్న ప్రతి ఊళ్లోనూ ఎవడో ఒకడు ఈ కొలువు చేస్తూనే ఉన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా మేడలో ఆ కొలువు పరుపులాయనకి పడింది. కింద మెట్ల పక్క గదిలో పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టేవాడు. సాయంత్రానికి మీసం, కనుబొమలు, చెవుల్లో వెంట్రుకలు కూడా తెల్లగా దూదెక్కిపోయేవి.

"మా ఆవిడ బతికున్నప్పుడు గుమ్మం బయటే దులిపి మరీ లోపలికి రానిచ్చేది. ఇప్పుడు అడిగే దిక్కేదీ?" అని నవ్వేవాడు.

పిల్లలు ముద్ద మింగకపోతే పైనుంచి తల్లులు ఆయన్నే చూపించేవాళ్లు. "ఒక్కసారి కళ్లురుము బాబాయ్, వీడు నోరు తెరుస్తాడు" అంటే పాపం ఉరిమేవాడు కూడా. పోనీలే, పిల్లలు తింటారుగదా అనుకున్నాడు పిచ్చిమారాజు.

ఒకరోజు పొద్దున్న మా పక్కింటి అమ్మాయి మూకుడులో నూనె పోసి, పొయ్యి వెలిగించి, తడిబట్టలు ఆరేసొద్దామని డాబా మీదికెళ్లింది. నాలుగేళ్ల కూతురు ఆటగా లోపల గడియ పెట్టేసుకుంది. దిగొచ్చేసరికి తలుపు సందుల్లోంచి పొగ. తల్లి తలుపు బాదుతోంది. లోపల పిల్ల ఏడుస్తూ గడియతో పెనుగులాడుతోంది.

కేకలు విని నేను బయటికొచ్చేసరికి పరుపులాయన కిందినుంచి పరుగెత్తుకొచ్చాడు. స్టూలెక్కి తలుపు మీది వెంటిలేటర్లోంచి తొంగిచూశాడు.

"పైకి కాదు తల్లీ, పక్కకి లాగు! అదీ... ఇంకొంచెం..."

పిల్ల తలెత్తింది. "అమ్మా, బూచీ!" అని కెవ్వున అరిచి గడియ వదిలేసి, ఆ పొగలోకే పరుగెత్తి మంచం కిందికి దూరింది.

ఇక ఆయనా నేనూ గునపంతో తలుపు విరగ్గొట్టాం. నేను పొయ్యి ఆర్పి, మండుతున్న మూకుడు మీద మూత వేసేలోగా ఆయన పిల్లని బయటికి లాక్కొచ్చాడు. దగ్గుతోంది, ఆయన చెయ్యి కొరుకుతోంది. తల్లి గబుక్కున గుండెకి హత్తుకుంది.

"ఊరుకో నాన్నా, ఊరుకో. బూచాణ్ణి పంపించేస్తాలే."

అప్పుడు చూశాను ఆయన కోపం.

"ఏమన్నావ్? మళ్లీ అను!"

"అలవాటులో వచ్చేసింది బాబాయ్..."

"అలవాటా? చేతికందిన గడియ వదిలేసి మంటలోకి పరుగెత్తిందమ్మా నీ కూతురు! నన్ను చూసి! ఇంకాస్త ఆలస్యమైతే ఎవరిని చూపించి ఎవరికి తినిపించేదానివి?"

మెట్ల మీద చేరినవాళ్లలో ఎవరో "పోనీలెండి పెద్దాయనా, పిల్ల దక్కిందిగా" అన్నారు.

"మీరూ అన్నవాళ్లే, నోరు ముయ్యండి! కళ్లురిమాను చూడు, నాదీ బుద్ధి తక్కువే." గుమ్మానికి అడ్డంగా చతికిలబడ్డాడు. "నేనెవరో ఈ పిల్లకి చెప్పు. చెప్పేదాకా కదలను."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "బూచి కాదమ్మా, తాత... తాతే నిన్ను బయటికి తెచ్చాడు" అని కూతురి చెవిలో గొణిగింది. పిల్ల తల తిప్పలేదు.

"చెవిలో కాదు," అన్నాడాయన, మెట్ల మీదికి చూస్తూ. "ఆ చివర నిలబడ్డవాళ్లకి కూడా వినపడాలి."