బొంబాయికి పోయిన బొగ్గు పొయ్యి

మా పెరట్లో పుదీనా ఒక పాత ఇనుప బకెట్లో పెరుగుతున్నది. మొన్న సెలవుకు వచ్చిన మనవరాలు పచ్చడికని నాలుగు రెమ్మలు తుంచబోయి, బకెట్ పొట్టకు ఉన్న చదరపు కంతను, మట్టిలోంచి తొంగిచూస్తున్న ఇనుప చువ్వను చూసి, దీనికి ఈ కిటికీ ఎవరు పెట్టించారు నానమ్మా అని అడిగింది. ఆ పిల్లకు ముంబయిలో ఉద్యోగం వచ్చింది. పోవాలా, హైదరాబాదులోనే ఉండిపోవాలా అని వచ్చినప్పటి నుంచి ఇంటిల్లిపాదినీ అడుగుతున్నది, అందరూ తలా ఒక మాట చెప్తున్నారు. నన్ను మాత్రం అడగలేదు. గోదావరిఖనిలో ముసలిదైపోయిన మనిషికి సముద్రం ఒడ్డు పట్నం సంగతి ఏం తెలుసుననుకుంది కాబోలు. ఆ పట్నంలో బతకడం మంచిదా చెడ్డదా అనే పంచాయితీ మా ఇంట్లో యాభై ఏళ్ల కిందటే నడిచిందనీ, తీర్పు చెప్పింది మా అత్త అనీ, ఈ బకెట్ కూడా మాతోపాటు బొంబాయి చూసి వచ్చిందనీ ఆ పిల్లకు తెలియదు.

డెబ్బైల మొదట్లో నేను కాపురానికి వచ్చేనాటికి మా ఆయన బదిలీ పనివాడుగా, అంటే రానివాళ్ల బదులు దిగే మనిషిగా, చాలాకాలం తిరిగి తిరిగి అప్పుడే పర్మినెంటు అయ్యాడు. కంపెనీ క్వార్టర్ దొరికింది. రెండు గదులు, ముందర కాస్త వాకిలి. గనిని మేం బాయి అంటాం. బాయి దిగి బొగ్గు నింపడం ఆయన పని. పొద్దు వాలితే చాలు, క్వార్టర్ల లైను పొడుగునా ప్రతి వాకిట్లో ఒక బకెట్ పొయ్యి వెలిగేది. పాత బకెట్‌కు కింద కంత కొట్టి, నడుమ చువ్వలు వేసి, లోపల మట్టి మెత్తితే అదే పొయ్యి. అడుగున పిడక ముక్కలు, వాటి మీద పుల్లలు, ఆ పైన బొగ్గు పేర్చి అంటించి వదిలేస్తే కాసేపు ఎదురింటి మనిషి కనబడనంత పొగ లేచేది. పొగంతా పోయి బొగ్గు కణకణలాడేవేళకు బకెట్ చెవి పట్టుకొని లోపలికి తెచ్చుకొని ఎసరు పెట్టుకునేవాళ్లం. "పొగ వాకిలిది, నిప్పు ఇంటిది" అనేది మా అత్త. ఆమెకది వంట సూత్రం మాత్రమే కాదు, ఇరుగుపొరుగు తగాదాల్లో కూడా అదే మాట వాడేది. నాకు మాత్రం ఆ పొగ అంటే కంటగింపు. దండెం మీద ఆరేసిన బట్టలు తీసేసరికి మసిచుక్కలు పడేవి. నా పెళ్లి చీర తెలుపంతా మసిబారిపోయినప్పుడు నేను ఏడుస్తుంటే, "నల్లగైతె ఏమాయె, నాతోని జోడు కుదిరింది తియ్" అన్నాడు మా ఆయన, డ్యూటీ నుంచి వచ్చిన మొహం కడుక్కోకుండానే.

మా అత్తకు పొగ ఫికర్ లేదు, బాయి ఫికర్ ఉంది. మా లైనులోనే ఒకతని కాలు మీద బాయిలో పైకప్పు పెళ్ల పడి దవాఖానలో పడుకున్నప్పటి నుంచి కొడుకు ఇల్లు చేరేదాకా ఆమె ముద్ద ముట్టేది కాదు. రావడం కాస్త ఆలస్యమైతే చెప్పులు వేసుకొని దీపాల గదికి నడిచేది. దిగేవాళ్లు తమ అంకె వేసిన బిళ్లను అక్కడి కొక్కేనికి తగిలించి దీపం తీసుకుపోతారు, ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటారు. కొక్కేనికి బిళ్ల వేలాడుతుంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. చదువు రాని మా అత్త కొడుకు బిళ్ల మీది అంకెను బొమ్మలాగా గుర్తుపట్టేది. బిళ్ల లేదంటే వాడు పైకొచ్చి ఏ చాయ్ హోటల్లోనో కూర్చున్నాడని అర్థం, అప్పుడు తిట్టుకుంటూ వెనక్కి వచ్చేది. ఉంటే అక్కడే గోడకు ఆనుకొని నిలబడేది.

మా వదిన, అంటే మా ఆయన అక్క, బొంబాయిలో ఉండేది. ఆమె భర్తను నేను వరుసకు అన్న అంటాను, ఆయన బట్టల మిల్లులో పని చేసేవాడు. పనిలోకి తీసుకునే ముకద్దంతో మాట్లాడి ఉంచాను, నా బావమరిదికి మిల్లులో పని ఖాయం, భూమి కిందికి దిగే పీడ ఉండదు అని ఆయన కబురు పెట్టేసరికి మా అత్త ఎగిరి గంతేసింది. మా ఆయనకు ఇష్టం లేదు. ఇన్నాళ్లు పడిగాపులు పడి తెచ్చుకున్న పర్మినెంటును వదలడమంటే ఆయనకు చెయ్యి తెగ్గోసుకున్నట్టుండేది. నేను ఎవరికీ చెప్పలేదు కాని, మనసులో బొంబాయి పక్షమే. మసి పడని చీర కట్టుకోవచ్చుననే ఆశ నాది. చివరికి వానాకాలంలో సెలవు పెట్టి ముగ్గురం పోయి చూడాలని, సెలవు అయిపోయేలోగా ముకద్దంకు అవునో కాదో చెప్పాలని తేలింది. అవునంటే ఇక్కడి నౌకరికి రాజీనామా.

ప్రయాణం నాడు మా అత్త వాకిట్లోకి తెచ్చిన సామాను చూసి మా ఆయన నెత్తి పట్టుకున్నాడు. ఒక గోనెసంచి నిండా కంపెనీ ఇచ్చే మా వంతు బొగ్గు, దాని పక్కన పొయ్యి. "బిడ్డ ఇంటికి ఉత్త చేతులతోని ఎట్ల పోతం కొడుకా? బియ్యం ఆడ సుత దొరుకుతయ్. గిసొంటి బొగ్గు దొరుకుతదా?" అంది. ఊరంతా అల్లుడికి అరిసెలు తీసుకుపోతే మా అత్త బొగ్గు తీసుకుపోయింది. రైల్లో టికెట్లు చూసే అతను సంచిని కాలితో తట్టి ఏముందని అడిగితే, వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కల్లో "ఘర్ కా చూలా" అని, అంటే ఇంటి పొయ్యి అని, చెప్పి దాని మీదే ఎక్కి కూర్చుంది. అతను మళ్లీ మా వైపు రాలేదు.

బొంబాయి నాకు నచ్చింది, దాచడమెందుకు. ఊరు అయిపోయిందనుకుంటే మళ్లీ ఊరు, రైలెక్కి ఎంత పోయినా ఊరే. ఆడవాళ్లు సంచీ భుజానికి తగిలించుకొని ఒంటరిగా రైలెక్కి పనికి పోయేవాళ్లు, ఎవరూ తిరిగి చూసేవాళ్లు కాదు. వదిన చీర మీద ఒక్క మసిచుక్క లేదు. కాని ఆమె ఇల్లంటే ఒక్క గది, మూడో అంతస్తులో. వరసగా గదులు, ముందర పొడుగాటి వరండా, చివర అందరికీ కలిపి ఒక కుళాయి. తెల్లారి ఆ కుళాయి దగ్గర బిందెల యుద్ధం చూసిన రోజే సాయంత్రం అన్న మమ్మల్ని సముద్రానికి తీసుకుపోయాడు. నేను చీర అంచు తడిసేదాకా నీళ్లలోకి నడిచాను. మా అత్త మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకొని ఆ చివర నుంచి ఈ చివరకు చూసి, "గిన్ని నీళ్లు పెట్టుకొని బిందెడు నీళ్లకు గా కొట్లాట ఏందే?" అంది.

మర్నాడే ఆమె కొంప ముంచింది. వదిన కిరోసిన్ స్టవ్వు మీద అన్నానికి రుచి రాదని, మేమంతా బయటికి పోయిన వేళ చూసి, వరండాను వాకిలి అనుకొని పొయ్యి వెలిగించింది. బొగ్గుబాయి పొగ బొంబాయికి కొత్త. మేం వచ్చేసరికి మూడంతస్తుల జనం కిందికి పరుగెత్తుతున్నారు, పైకి బిందెలు పోతున్నాయి. అంత యుద్ధం చేసి పట్టుకున్న నీళ్లన్నీ పొయ్యిలో కుమ్మరించారు. తడిసి ముద్దయిన మా అత్త, "వంట పొయ్యిల నీళ్లు పోస్తరా, మీ ఇండ్లు చల్లగుండ" అని వరండా అంతా శాపమో దీవెనో తెలియకుండా పెడుతున్నది. పక్క గది కొంకణావిడ వదినతో మాట్లాడడం మానేసింది. అన్నకు తల కొట్టేసినట్టయింది. "బామ్మర్ది, పొద్దుగాల లేచి దీన్ని తీస్కపోయి సముద్రంల పడేసి రా" అన్నాడు. మా ఆయన సరే అని దాన్ని మంచం కిందికి తోశాడు.

ఆ వారం వాన పట్టుకుంది. బొంబాయి వాన మన వాన కాదు, కురవడం మరిచిపోయి కుమ్మరించడమే. వీధులు నిండాయి, రైళ్లు ఆగాయి. మొదటి రోజు మిల్లుకు పోయిన అన్న రాత్రికి రాలేదు. తెల్లారినా రాలేదు. నడుంలోతు నీళ్లలో మిల్లు దాకా పోయిన మా ఆయన తిరిగొచ్చి, షిఫ్టు నిన్ననే విడిచారట అని చెప్పాడు. మిల్లు విడిచాడు, ఇల్లు చేరలేదు, నడుమ అంత పట్నం ఉంది. వదిన గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. ఎవరిని అడగాలో ఎవరికీ తెలియలేదు. అటు కిరోసిన్ బండి రాక అంతస్తులోని స్టవ్వులన్నీ చల్లారాయి, పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

మా అత్త కాసేపు కూతురి తల నిమిరింది. తరువాత లేచి మంచం కింద నుంచి పొయ్యి లాగింది. మేడ మీద మెట్ల దగ్గర చిన్న రేకుల కప్పు ఉంది. అక్కడికి మోయించి వెలిగించి, పొగ సముద్రం దిక్కుకు పోయేదాకా తడుస్తూ కాపలా కాసింది. ఎర్రని నిప్పుతో ఆ బకెట్‌ను మా ఆయన, కొంకణావిడ కొడుకు చెరొక వైపు పట్టుకొని కిందికి దింపుతుంటే, మొన్న బిందెలతో పైకి పరుగెత్తిన మనుషులే గోడకు ఒదిగి దారి ఇచ్చారు. ఇంటింటి నుంచి పిండి వచ్చింది. నేను పిసికాను, మా అత్త రొట్టెలు కొట్టింది. పిల్లలకు ముందు, ముసలివాళ్లకు తరువాత, నోరు పారేసుకున్నవాళ్లకు చివర అని వరస కూడా ఆమే పెట్టింది. భాష రాకపోయినా ఎవరు ఏ వరసో అందరికీ అర్థమైంది. అలా చేతులు ఆడుతున్నాయి కాని ఆమె కళ్లు మెట్ల మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం దాటాక ఆ మెట్ల మీద అన్న కనిపించాడు. ఆగిపోయిన రైల్లోనే రాత్రంతా కూర్చొని, పట్టాల వెంట నడిచి వచ్చాడు. వదిన ఏడుస్తూ పోయి పట్టుకుంది. అత్త లేవలేదు, పెనం మీది రొట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది. సముద్రంలో పడేయమన్న పొయ్యి ముందు కూర్చొని ఆయన ఎన్ని తిన్నాడో నేను చెప్పను, ఆయన ఇప్పుడు లేని మనిషి.

అందరూ తిన్నాక ఆమె కొంగుతో చేతులు తుడుచుకొని మా ఆయనను పిలిచింది. "బాయిల భయమున్నది కొడుకా, నేను లేదంట లేను. గాని ఆలస్యమైతే పోయి బిళ్ల చూసుకుంట. పదిమంది నా తోని నిలబడతరు. గింత పట్నంల మనిషి బిళ్ల ఎవల కాడుంటది? మనం పోదాం పా." మా ఆయన మొహం అప్పుడు చూడాలి. పర్మినెంటు రెండోసారి వచ్చినట్టు వెలిగిపోయింది. బొంబాయి పక్షమైన నేను ఓడిపోయి కూడా ఆ మొహం చూసి నవ్వేశాను. నువ్వూ వస్తావా బిడ్డా అని అత్త వదినను అడిగింది. వదిన వరండా వైపు చూసి, "నాకు ఈడ అలవాటైందే అవ్వా. ఇయ్యాల్టి సంది వీళ్లందరు నాకు ఎరుకైన్రు" అంది. ఆ మాటా నిజమే. ఆ తరువాత అన్న రావడం ఆలస్యమైతే కొంకణావిడ ముందే వచ్చి తలుపు దగ్గర కూర్చునేదట.

మేం బయలుదేరిన రోజు అంతస్తు అంతా కిందికి దిగింది. మిగిలిన బొగ్గు అక్కడే ఇచ్చేశాం, ఖాళీ పొయ్యి నిండా కొంకణావిడ కొబ్బరికాయలు పెట్టింది. మా లైనుకు చేరిన సాయంత్రం వాకిళ్లన్నీ పొగలో ఉన్నాయి. మా అత్త ఆ పొగలో నడుచుకుంటూ ఇంటింటికీ కొబ్బరి చిప్ప పంచింది, బొంబాయి గెలిచి వచ్చినంత దర్జాగా. నేను మొదటిసారి ఆ పొగను తిట్టుకోలేదు.

మా ఆయన ఆఖరి డ్యూటీ నాడు కూడా ఆమె ఉంది. నడుం వంగి, నా భుజం పట్టుకొని దీపాల గది దాకా వచ్చింది. ఆయన దీపం ఇచ్చి వెనక్కి తిరగగానే, చూపు ఆనక ఆయన కొక్కేన్ని చేత్తో తడిమి, బిళ్ల లేదని చూసుకొని గట్టిగా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఇదంతా విని మనవరాలు, అయితే పోవద్దంటావా అంది. పొమ్మన్నాను. మసి పడని చీర కట్టుకొని ఒంటరిగా రైలెక్కమన్నాను, సముద్రాన్ని నా వంతు కూడా చూడమన్నాను. కాని దిగిన రోజే పక్క తలుపు తట్టి పేరు చెప్పి రమ్మన్నాను, ఎప్పుడైనా ఆలస్యమైతే నీ బిళ్ల కోసం వెతికే మనిషి ఒకరుండాలి కదా. ఆ పిల్ల పుదీనా వాసన చూసుకుంటూ బకెట్ నాకిస్తావా అని అడిగింది. ఇవ్వనన్నాను. అత్త పోయింది, మా ఆయన పోయాడు, ఆ లైను కూడా ఇప్పుడు లేదు. యాభై ఏళ్ల పొగ ఎటు పోయిందో తెలియదు కాని, నిప్పు మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది.