కుళాయి కోసం నాలుగు పేజీల అర్జీ

డిగ్రీ అయిపోయి, పలాసలో ఒక జెరాక్సు, డీటీపీ కొట్లో పనికి కుదిరిన ఆ రోజుల్లో, నా అంత తెలుగు చుట్టుపక్కల ఎవరికీ రాదని నాకు గట్టి నమ్మకం. పెళ్ళి శుభలేఖలు, చర్చి కూటాల కరపత్రాలు, పోయినవారికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు అన్నీ నా వేళ్ళ మీదుగానే వెళ్ళేవి కనక, పలాస నుంచి మందస దాకా నా రచనలు చదవనివారు లేరని లోలోపల మురిసిపోయేవాణ్ణి. (శుభలేఖలో జనం చదివేది ముహూర్తం, భోజనాల వేళ మాత్రమేనని చాలా ఆలస్యంగా తెలిసింది.) సరిగ్గా ఆ మురిపెంలో ఉండగానే మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి.

మందస రోడ్డు మీంచి సముద్రం వైపు మళ్ళితే వచ్చే చిన్న ఊరు మాది. మా చర్చి వీధిలో కుళాయికి దిమ్మ కట్టి మూడేళ్ళయినా చుక్క నీరు రాలేదు. మా ఉద్దానం ప్రాంతంలో నీళ్ళ సంగతి నవ్వుకునేది కాదు. మా వీధిలోనే ఇద్దరు కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవారు. బోరు నీళ్ళంటే అందరికీ భయమే, అవి తాగక తప్పేదీ కాదు. అందుకని ఓట్లకు ముందే పంచాయతీ ప్రెసిడెంటుగారిని పిలిచి అడగాలని వీధి ఆడవాళ్ళు తీర్మానించుకున్నారు. వాళ్ళకి పెద్ద మా చిన్నమ్మ, అంటే మా అమ్మకు చెల్లెలు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి కొట్టి ఆవిడ వేళ్ళు నల్లబడిపోయి ఉండేవి. కుళాయి గురించి ఒక కాగితం రాసిపెట్టమని నాతో చెప్పింది. ఒక్క కాగితమంటే నాకు చిన్నతనంగా తోచింది. నాలుగు పేజీలు రాశాను. ‘మహోదయా’ అని మొదలుపెట్టి, ‘తృషార్తులమైన మా వీధి వాస్తవ్యుల ఆక్రందన తమ కర్ణపుటములను సోకుగాక’ అంటూ సాగదీశాను. కుళాయి అనే మాట మూడో పేజీ చివర వచ్చింది.

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలోనే టెంటు కింద సమావేశం పెట్టారు. ప్రెసిడెంటుగారు అనుకున్న వేళకే వచ్చారు. కొబ్బరితోటలు, జీడితోటలు ఉన్న పెద్ద కుటుంబం, మనిషి మర్యాదస్తుడు. నేను గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీకల్లా ముసలివాళ్ళందరూ కళ్ళు మూసుకుని తలలు వంచేశారు. ప్రార్థన అనుకున్నారట. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట ఒక తాత ‘ఆమెన్’ అన్నాడు. మొత్తం అయ్యాక ప్రెసిడెంటుగారు చప్పట్లు కొట్టి, బాగా రాశావు, ఎవరి అబ్బాయివని అడిగారు. నేను పొంగిపోయి మా తాతగారి పేరుతో సహా చెప్పి, దణ్ణం పెట్టి కూర్చున్నాను. ఆయన అర్జీని మడిచి జేబులో పెట్టుకుని, అన్నీ చేసేద్దామని చెప్పి లేచారు. నాకైతే సభ దిగ్విజయంగా ముగిసిందనే అనిపించింది.

అప్పుడు చిన్నమ్మ కూర్చున్న చోటు నుంచి కదలకుండా అడిగింది.

“బాబూ, కుళాయిలో నీళ్ళు ఎప్పుడొత్తాయి?”

పైనుంచి రావాలమ్మా అన్నారాయన.

“పైనంటే ఎవలు బాబూ? ఆలకి ఇప్పుడే పోను సెయ్యండి. మేం కూకుంటాం.”

నిజంగానే ఒక్కరూ లేవలేదు. టెంటు దగ్గర నుంచి గేటు దాకా ఆడవాళ్ళే, ఆయన బయటికి వెళ్ళాలంటే వాళ్ళను దాటుకుంటూ వెళ్ళాలి. (ఇళ్ళలో ఆదివారం కోడికూర ఇంకా పొయ్యెక్కలేదన్న బాధ నాకొక్కడికే ఉన్నట్టుంది.) ఆయన తప్పక ఇంజినీరుగారికి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టమంది చిన్నమ్మ. అవతలి గొంతు ఎంతో వినయంగా చెప్పింది. పైపులు వచ్చి చాలాకాలమైందట. పంచాయతీ తీర్మానం మీద ప్రెసిడెంటుగారి సంతకం ఒక్కటే తక్కువట. ఆ కాగితం ఆయనకే పంపి ఏడాది దాటిందట.

ప్రెసిడెంటుగారి ముఖం చూస్తే ఆ సంగతి ఆయనకు నిజంగా తెలియదనే అనిపించింది, ఇప్పటికీ నా అభిప్రాయం అదే. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు.

“అయితే పైనున్నది మీరే బాబూ,” అంది.

డ్రైవరు కారులో వెళ్ళి ఆయన బల్ల సొరుగులో ఉన్న కాగితాల కట్ట మొత్తం పట్టుకొచ్చాడు. అందులో తీర్మానం ఏదో వెతికిపెట్టమని చిన్నమ్మ పాస్టరుగారిని అడిగింది. నన్ను అడగలేదు. చర్చి బెంచీ మీదే సంతకం అయింది. పదిరోజులకు కుళాయి వచ్చింది, మొదటి పూట తుప్పునీళ్ళు, ఆ తర్వాత తేటగా.

మరుసటి వారం ప్రెసిడెంటుగారు స్వయంగా మా కొట్టుకొచ్చి, చర్చి వీధికి నీళ్ళు తెచ్చిన ఘనత తనదని కరపత్రం రాయమన్నారు. యజమాని నా వంకే చూస్తున్నాడు. రాశాను. అయితే మనసొప్పక, అన్నిటికన్నా కింద, కంప్యూటరులో ఉన్న అతి చిన్న అక్షరాల్లో ‘వీధి ఆడపడుచులు పట్టుబట్టి కూర్చున్నందున’ అని చేర్చాను. ఆయన ప్రూఫులో తన ఫోటో మాత్రం చూసుకుని సరేనన్నారు. ఏదో తిరుగుబాటు చేసేసినట్టు మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. ఊళ్ళో ఆ లైను ఎవరూ గమనించలేదు. ఆయన మునుపటికన్నా తక్కువ ఓట్లతో మళ్ళీ గెలిచారు. చివరికి ఉండబట్టలేక నేనే కరపత్రం తీసుకెళ్ళి చిన్నమ్మకు చూపించాను. ఆవిడ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, లాభం లేక నా చేతే చదివించుకుంది.

“ఇంత సిన్నగా రాసావేట్రా?” అంది.

ఇప్పుడు నేను ఒక ఆఫీసులో అర్జీలు తీసుకునే బల్ల వెనక కూర్చుంటున్నాను. నాలోని అప్పటి కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా వాడి ‘తృషార్తులు’కి సిగ్గుపడతాను. కానీ ఆ చిన్న అక్షరాల లైను మాత్రం, ఈ వయసులో నన్ను రాయమంటే రాస్తానా అని ప్రశ్నించుకుని, రాయనన్న జవాబు తెలిసి నవ్వుకుంటాను.